పడవ జాను పేరు కోసం గోదారి దాటి

సైన్యాలకు అధిపతి అయిన దేవునికి ముందుగా స్తోత్రం. తన ప్రజలు నది దాటిన చోట రాళ్ళు నిలబెట్టించిన దేవుడాయన. రేపటి పిల్లలు వచ్చి ఇవేమిటని అడిగితే పెద్దవాళ్ళు జవాబు చెప్పాలని అలా చేయించాడు. నక్షత్రాలన్నిటినీ పేరుపేరునా ఎరిగిన ఆయనకు గోదావరి ఒడ్డున పుట్టిన ఒక పడవవాడి పేరు గుర్తుండదా? మనుషులు మరిచిపోయారు గానీ ఆయన మరువలేదు. నాలుగు రోజులు మా పక్కన నడిచి, మమ్మల్ని క్షేమంగా ఇల్లు చేర్చిన ఆయన నామానికే మహిమ.

ఇక ఎందుకు బయలుదేరామో చెబుతాను.

మా మేనమామ డెబ్భై ఒకటి యుద్ధంలో, తూర్పు సరిహద్దులో ప్రాణం విడిచాడు. అప్పటికి నాకు నాలుగేళ్ళు. ఆయన బాప్తిస్మం పేరు జాన్. పశ్చిమ గోదావరిలో, వశిష్ఠ పాయ ఒడ్డున ఉన్న మా ఊరి రేవులో పడవ వేసేవాడు కాబట్టి మా క్రైస్తవుల పేటలో అందరికీ పడవ జాను. బడిలో చేర్చినప్పుడు మాస్టారు రాసిన పేరు మాత్రం సూర్యారావు. మా వైపు క్రైస్తవ కుటుంబాలకు ఇది కొత్తేమీ కాదు. చర్చిలో ఒక పేరు, కాగితాల్లో ఒక పేరు. నేను కూడా సర్టిఫికెట్ల మీద రత్నకుమారిని, సండే స్కూలు పిల్లలకు రూతు టీచర్ని.

ఈ ఏడు మా ఊరి కమిటీ వారు స్వాతంత్ర్యం తర్వాత యుద్ధాలకు వెళ్ళిన ఊరి జవాన్ల పేర్లతో ఒక నల్లరాయి నిలబెట్టాలనుకున్నారు. చైనా యుద్ధం నుంచి కార్గిల్ దాకా. వారికి అందిన జాబితాలో సూర్యారావు పేరుంది. కమిటీలో అంతా కుర్రకారు. ఈ సూర్యారావు ఎవరో వారికి తెలియదు. కుటుంబ పింఛను తునిలో తీసుకుంటున్నట్టు ఉండేసరికి, తుని మనిషి అయి ఉంటాడని కొట్టేశారు. పేట నుంచి ఎవరో వెళ్ళి మా జాన్ పేరేదని అడిగితే, జాబితాలో జాన్ ఎవరూ లేరన్నారు. ఒక్క మనిషికి రెండు పేర్లుండగా, రాయి మీద ఒక్కటీ లేకుండా పోయింది. పాత బడి రిజిస్టరు చూపిద్దామంటే అది ఎప్పుడో వరదలో కొట్టుకుపోయింది.

మామయ్య భార్య మార్తమ్మ అత్తయ్యకు డెబ్భై దాటాయి. పెళ్ళయిన పదమూడు నెలలకే ఆయన పోయాడు. పిల్లలు లేరు. తునిలో ఒక ఆసుపత్రిలో ఆయాగా పనిచేసి, ఇప్పుడు అక్కడే నా దగ్గర ఉంటోంది. చదువు రాదు. చూపు కూడా దాదాపు పోయింది. ఏటా ఈస్టరు ముందు ఊరెళ్ళి మామయ్య సమాధికి సున్నం వేయిస్తుంది. ఆ సమాధిలో ఆయన లేడు, రేకుపెట్టెలో వచ్చిన ఒక చొక్కా మాత్రం ఉంది. దాని మీద సిమెంటు సిలువ, సిలువ మీద లోతుగా గీసిన పేరు. జాన్. చదవడం రాని మా అత్తయ్యకు ఆ అక్షరాలు వేళ్ళతో తెలుసు.

రాయి సంగతి విని ఆమె ఏడవలేదు. "అమ్మాయ్, సంచీ సర్దు. నా చేతికి ఆయన పేరు తగలాలి. తగిలేదాకా నేను ఇంటికి రాను" అంది.

ఆవిష్కరణ జనవరి ఇరవై ఆరున. మా చేతిలో నాలుగు రోజులున్నాయి. మేము బతిమాలడానికి వెళ్ళలేదని మాత్రం ఇక్కడే రాసి పెడుతున్నాను.

తుని నుంచి రాజమండ్రి

రైల్లో జనరల్ పెట్టె కిటకిటలాడుతోంది. అన్నవరం దగ్గర కొండ వైపు తిరిగి సగం మంది దణ్ణాలు పెట్టుకున్నారు. సామర్లకోటలో ఎక్కిన ఒక పెద్దాయన మాకు ఉప్పూకారం అద్దిన జామకాయ ముక్కలు పెట్టి, ఎక్కడికని అడిగాడు. చెప్పాను. అంతా శ్రద్ధగా విని, తల ఆడించి, ఆ మాట అన్నాడు.

"ఏమనుకోకండమ్మా. మీ వాళ్ళు కూడా వెళ్తారాండి యుద్ధాలకి? మీది బయట దేశం మతం కదా అని అడుగుతున్నానంతే."

నాకు ఒళ్ళు మండింది. జవాబు కూడదీసుకుంటుంటే అత్తయ్య తొందరపడకుండా జామముక్క నమిలి మింగింది.

"బాబూ, మా ఆయనకి తగిలిన తూటా ఏ మతందో కాస్త కనుక్కుని చెబుతారా? నేను యాభై ఏళ్ళ నుంచీ అడుగుతున్నాను, ఎవరూ చెప్పడం లేదు."

ఆయన ముఖం ఎర్రబడింది. ద్వారపూడి దాటాక మిగిలిన జామకాయ మొత్తం అత్తయ్య చేతిలో పెట్టి, "తప్పయిపోయిందమ్మా" అన్నాడు.

"తప్పు సంగతి సరే, కారం తక్కువైంది" అంది అత్తయ్య.

రాజమండ్రిలో దిగగానే ఆమెకు రోజ్‌మిల్క్ కావాలి. నవ్వొచ్చింది గానీ కారణం ఉంది. మామయ్య సైన్యంలో చేరింది ఈ ఊళ్ళోనే. చేరిన సాయంత్రం భార్యకు తాగించి, రేవుకు తీసుకొచ్చి విషయం చెప్పాడట. "తాగించాక చెప్పేడు. ముందే చెబితే తాగనని తెలుసు" అంది. గ్లాసు చివరిదాకా తాగి, తునిలో కంటే ఐదు రూపాయలెక్కువని కొట్టువాడిని నిలదీసింది. ఆ రాత్రికి మా చర్చి సంఘం వారింట్లో పడుకున్నాం.

ఆత్రేయపురం

ధవళేశ్వరం ఆనకట్ట మీద బస్సు వెళ్తుంటే అత్తయ్య కిటికీలోంచి చెయ్యి బయటపెట్టి గాలి పట్టుకుంది. "నీళ్ళు తక్కువున్నాయి కదూ" అంది. నిజమే, ఇసుక మేటలు తేలి ఉన్నాయి. చూపు లేని మనిషికి ఎలా తెలిసిందో! దిగే హడావుడిలో ఆమె చెప్పొకటి బస్సులోనే ఉండిపోయింది. రెండోది కూడా తీసి గట్టు మీద పెట్టి, ఒంటికాలు వాళ్ళెవరికైనా పనికొస్తుందంటూ ఉత్త కాళ్ళతో నడిచింది.

మేము వెళ్ళింది సుబేదారుగా రిటైరైన వెంకట్రాజు గారి ఇంటికి. మామయ్యతో పాటు ఇంజనీరు దళంలో పనిచేసిన మనిషి ఆత్రేయపురంలో ఉన్నారని మా సంఘంలో ఒకామె అల్లుడి ద్వారా తెలిసింది. వాకిట్లో ఆయన కోడలు పూతరేకులు తీస్తోంది. మంట మీద బోర్లించిన కుండ, దాని మీద పల్చటి బియ్యప్పిండిలో ముంచిన గుడ్డను ఒక్కసారి లాగితే రేకు లేస్తుంది. మా వైపు మేము హైవే పక్కన అట్టపెట్టెల్లో కొనుక్కుంటాం తప్ప ఇది ఇంత చేతివేడి పని అని నాకు తెలియదు. ఆ అమ్మాయి అత్తయ్య కాళ్ళు చూసి, మాట్లాడకుండా తన చెప్పులు విడిచి ఆమె ముందు పెట్టింది.

వెంకట్రాజు గారు నిటారుగా కూర్చున్న ముసలాయన. వినికిడి కాస్త తక్కువ.

"సూర్యారావులు చాలామంది ఉన్నారమ్మా మా దాంట్లో. నెంబరు తెలుసా? సైన్యంలో ముందు నెంబరు, తర్వాతే మనిషి."

అత్తయ్య కీర్తన చెప్పినట్టు నెంబరు మొత్తం చెప్పింది. యాభై ఏళ్ళుగా పింఛను ఫారాల మీద రాయిస్తూ కంఠతా పట్టింది.

ఆయన చేతిలోని కాఫీ గ్లాసు కింద పెట్టేశారు. "చివర పదిహేడా? పదిహేడేనా అమ్మా?"

"ఆయ్, పదిహేడే బాబూ."

"నాది పద్దెనిమిది" అన్నారు. "రాజమండ్రిలో వరసలో నా ముందు నిల్చున్నోడు. ఆ రోజు గుమస్తా పేరడిగితే సూర్యారావండి, ఇంకో పేరుందండి అన్నాడు. సర్టిఫికెట్లో ఉన్నది చెప్పరా చాలు అన్నాడు గుమస్తా. ఆ ఇంకో పేరేంటో నేనూ అడగలేదమ్మా. ఇన్నేళ్ళూ అడగలేదు."

"జాన్" అంది అత్తయ్య.

"జాన్" అన్నారాయన, కొత్తగా పరిచయమైన మనిషిని పలకరించినట్టు.

తర్వాత ఆయన చెప్పింది చెప్పినట్టు రాస్తున్నాను. అక్కడ ఒక నది దాటాలి. ఇంజను పడవ దెబ్బతింది. ఒడ్డున ఒక నాటుపడవ దొరికితే మామయ్య గడ అందుకున్నాడు. "ఇది మా గోదారేరా, దారి తప్పి ఇటొచ్చింది" అని నవ్వించాడట. నీటి రంగు చూసి లోతు చెప్పేవాడట. అవతలి గట్టు నుంచి కాల్పులు జరుగుతుండగా, అక్కడ చిక్కుకున్న మనుషుల్ని మూడుసార్లు ఇవతలికి దాటించాడు. మూడో పడవలో కాలికి గాయంతో వెంకట్రాజు గారున్నారు. ఇక చాలు ఆగమన్నారు. ఇంకా నలుగురు అక్కడ ఉండిపోయారని మళ్ళీ వెళ్ళాడు.

"ఒడ్డుకు వస్తుండగా తగిలింది. పడవ కొట్టుకుపోకుండా గడ బురదలో దించి, దాని మీద వాలి నిలబడ్డాడమ్మా. నలుగురూ దిగేదాకా వదల్లేదు. దిగిన వాళ్ళకి కూడా తెలీదు తగిలిందని. ఆ చేతుల్లోంచి గడ వదిలించడానికి ఇద్దరం పట్టేం."

అత్తయ్య అడిగింది ఒక్కటే. "నీళ్ళలో పడ్డాడా?"

"లేదమ్మా. పడనివ్వలేదు."

ఆమె తలూపింది. యాభై ఏళ్ళుగా ఆమె మనసులో మామయ్య నీళ్ళలోనే ఉన్నాడని నాకు అప్పుడు తెలిసింది.

వెంకట్రాజు గారు అక్కడే కమిటీ ప్రెసిడెంటుకి ఫోన్ చేశారు. మనిషి వృద్ధుడు గానీ గొంతు మాత్రం కవాతు మైదానంలోదే. ఊరి పేరు, రేవు పేరు, నెంబరు చెప్పి, నేనే సాక్షినన్నారు. అవతల ప్రెసిడెంటు "ఆయ్, అలాగేనండి, పెట్టించేస్తామండి" అని రెండు నిమిషాల్లో ఒప్పుకున్నాడు. నేను స్తుతి ప్రార్థన చేస్తుంటే, గోడకు దేవుడి పటాలున్న ఆ ఇంట్లో ఆ కుటుంబమంతా చేతులు కట్టుకుని నిలబడింది. "మీ దేవుడికి నా మాట కూడా చెప్పండమ్మా" అన్నారాయన. చెప్పాను.

భీమవరం

గెలిచేశామనుకుని, రాయి చెక్కుతున్న భీమవరం వెళ్దామని మరునాడు ఉత్సాహంగా తణుకు బస్సెక్కేశాం, బోర్డు చూడకుండా. నేను టీచర్నని అప్పటికే అత్తయ్య నోట విన్న కండక్టరు సిద్ధాంతం వంతెన దాటాక దించేసి, "ఏంటండి టీచరుగారూ, మీరే బోర్డు చదవకపోతే ఎలాగండి" అని నవ్వాడు. పెనుగొండ, మార్టేరు మీదుగా వేరే బస్సులు పట్టుకున్నాం. దారంతా రెండో పంట దాళ్వా నాట్లు. భీమవరం దగ్గరపడేకొద్దీ పొలాలు చెరువులైపోయాయి. నీళ్ళు చిలికే చక్రాల చప్పుడు, ఐసు కారుతూ పోయే లారీలు, రోడ్డంతా రొయ్యల వాసన. మార్కెట్టు దగ్గర ఎవరు ఎదురుపడినా రొయ్యలు కిలోకి కౌంటు ఎంత, రేటు ఎంత అనే మాటలే. నన్ను కూడా ఒకాయన అడిగాడు, నా చేతిలో ఉన్నది వెంకట్రాజు గారి కోడలు ఇచ్చిన పూతరేకుల పెట్టె అని చూడకుండా. ఆ పెట్టె బస్సులో నలిగి అప్పటికే పొడైపోయింది.

శిల్పి వీరాచారి షెడ్డులో రాయి పడుకోబెట్టి ఉంది. కొత్త వరస చెక్కడం అప్పుడే అయింది. అత్తయ్య దాని పక్కన కూర్చుని, పొడి ఊది, వేళ్ళు పెట్టింది. ఒక చివర నుంచి ఇంకో చివరికి వెళ్ళింది. మళ్ళీ మొదటి నుంచి.

"అమ్మాయ్, ఇక్కడ లేడు."

"ఉన్నాడత్తయ్యా. సూర్యారావు అని ఉంది."

"ఆ పేరు గవర్నమెంటుది. పింఛను ఆ పేరుతో తిన్నాను, కాదనను. ఈయన నాకు తెలీదు. గుమస్తా వినని పేరు ఈ రాయైనా వినాలా వద్దా?"

వీరాచారి మంచివాడే, పని పద్ధతి గల మనిషి. కమిటీ సంతకం పెట్టిన కాగితం నమూనా రాయి మీద అతికించి, దాని మీదుగానే చెక్కుతాడు. "సంతకం లేని అక్షరం చెక్కనండి. రాయి మీద చెరపడం ఉండదు కదా. ఆళ్ళ చేత ఒక్క సంతకం పెట్టించండి, ఇప్పుడే చెక్కుతాను. పక్కన జాగా కూడా ఉంది."

ప్రెసిడెంటుకి నేనే ఫోన్ చేశాను.

"పేరు పెట్టించేం కదండి, మళ్ళీ పేచీ ఏంటండి?" అన్నాడు. "రికార్డులో ఉన్నదే పెడతాం. రెండు పేర్లూ రాయెక్కిస్తే రేపు మీ పిల్లల కులం సర్టిఫికెట్లకే ఇబ్బందండి. మీ మంచికే చెబుతున్నాను."

స్పీకరులో విన్న అత్తయ్య ఫోన్ వైపు వంగింది. "బాబూ, నాకు పిల్లల్లేరు. ఇబ్బంది పడాల్సింది నేనొక్కదాన్నే. నా ఇబ్బందేదో నేను పడతాను, మీరు పెట్టండి."

ఫోన్ పెట్టేశాడు. ఆ సాయంత్రం లాడ్జి గదిలో నేను మోకాళ్ళ మీద ఉన్నంతసేపూ కోపంతోనే ప్రార్థించాను. బైబిలులో దేవుడితో పెనుగులాడి కొత్త పేరు సంపాదించుకున్న మన పితరుణ్ణి గుర్తుచేశాను. వలలు వదిలి వచ్చిన జాలరికి రెండో పేరు పెట్టింది నువ్వే కదా అన్నాను. నీ దగ్గర రెండు పేర్లూ చెల్లాయి, మా ఊరి రాయి మీద ఎందుకు చెల్లవు? ఇంత గట్టిగా దేవుణ్ణి నేను ఎప్పుడూ అడగలేదు. క్షమించమని కూడా అడగలేదు.

మా ఊరు

ఇరవై ఆరు ఉదయం మంచు దట్టంగా ఉంది. రేవు దగ్గర రాయి నిలబెట్టి, మీద జెండా రంగుల గుడ్డ కప్పారు. పేట వాళ్ళు ఒక వైపు, ఊరి వాళ్ళు ఒక వైపు. వెంకట్రాజు గారు పతకాలు పెట్టుకుని, కోడలితో కారులో దిగారు. వీరాచారి కూడా అక్షరాలకు బంగారు రంగు వేయడానికి వచ్చాడు, ఉలీ సుత్తీ సంచీలోనే ఉన్నాయి.

జెండా ఎగిరింది. గుడ్డ తీశారు. ప్రెసిడెంటు మైకులో ఒక్కో పేరు చదువుతుంటే ఆ ఇంటివాళ్ళు వచ్చి పువ్వులు పెడుతున్నారు.

"అమరుడు సూర్యారావు గారు. వారి సతీమణి మార్తమ్మ గారు రావాల్సిందిగా కోరుతున్నాం."

అత్తయ్య కుర్చీలోంచి కదలలేదు.

"మార్తమ్మ గారూ..."

"నేను రాను బాబూ. మా ఆయన్ని పిలిస్తే వస్తాను."

జనంలో గుసగుసలు. ప్రెసిడెంటు మైకు మూసి, "ఇదేంటండి, ఇంతమందిలో" అన్నాడు. నేను లేచాను. ఆ గొంతు నాది కాదు, దేవుడిచ్చింది. "ఆయన సైన్యంలో చేరిన రోజే ఇంకో పేరుందండి అని అడిగాడు. ఆ రోజు ఒకరు వినలేదు. ఈ రోజు మీరూ వినకపోతే, మా పువ్వులు మేము సమాధుల దొడ్లోనే పెట్టుకుంటాం. ఈ రాయికి మా పువ్వు పడదు" అన్నాను. పేట ఆడవాళ్ళు అందరూ లేచి నిలబడ్డారు. ఎవరూ లేవమనలేదు.

వెంకట్రాజు గారు నడుచుకుంటూ వచ్చి మైకు తీసుకున్నారు. "నన్ను నది దాటించినోడు ఒకడే. పేర్లు రెండూ ఆడివే. నేను సగం మనిషికి సెల్యూట్ కొట్టను" అన్నారు. అంతే.

అప్పుడు ఊరి వైపు ముందు వరసలోంచి ఒక ముసలాయన కర్ర ఆనించి లేచాడు. ప్రెసిడెంటుకు స్వయానా పెదనాన్న.

"జాన్ అంటే పడవ జానేనా? మన రేవు జానా?"

"ఆయ్, ఆయనేనండి" అన్నాను.

"ఓరి ఎదవా" అన్నాడాయన, ప్రెసిడెంటు వైపు తిరిగి. "ఆరేళ్ళు నన్ను హైస్కూలుకి దాటించేడ్రా. వానొస్తే నా పుస్తకాలు తన తలగుడ్డలో చుట్టేవోడు. సూర్యారావు ఎవడో నాకేం తెలుసు? సంతకం పెట్టు ముందు!"

నవ్వులు మొదలయ్యాయి. ప్రెసిడెంటు కూడా నవ్వక తప్పలేదు. వీరాచారి అప్పటికే కాగితం మీద అక్షరాలు గీసి సిద్ధంగా ఉంచాడు. ప్రెసిడెంటు స్కూటరు సీటు మీద పెట్టి సంతకం చేశాడు. పెన్ను మూత పెట్టుకుంటూ నా వైపు చూసి, "ఆయనెవరో నాకు తెలీదండి" అన్నాడు. నమ్మాను. తెలియకపోవడం నేరం కాదు, తెలిశాక రాయకపోవడం నేరం.

తర్వాత జరిగింది నేను బతికినంత కాలం మరిచిపోను. మైకు ఆపేశారు. వీరాచారి రాయి ముందు కూర్చుని ఉలి పెట్టాడు. ఊరూ పేటా నిలబడే ఉన్నాయి. పాటలు లేవు, ఉపన్యాసాలు లేవు. మంచులో, రేవు నీళ్ళ మీద, సుత్తి దెబ్బ ఒకటి తర్వాత ఒకటి. ఎంతసేపు పట్టిందో నేను చూసుకోలేదు. ఎవరూ కూర్చోలేదు.

అతను పొడి తుడిచి పక్కకు జరిగాడు. ప్రెసిడెంటు మైకు లేకుండానే పిలిచాడు.

"సూర్యారావు గారు. జాన్ గారు."

అత్తయ్య ఆత్రేయపురం చెప్పులు విడిచి, నా భుజం వదిలేసి, ఒక్కతే వెళ్ళింది. వేళ్ళు రాయి మీద పెట్టి పాకించింది. సూర్యారావు మీద ఆగలేదు. చివరికి వెళ్ళి ఆగింది. జా దగ్గర చుట్టు తిరిగింది, న్ దగ్గర పైకి లేచింది. రాయి ఇంకా వేడిగా ఉందట, తర్వాత చెప్పింది.

"వచ్చేవా" అంది.

వెనకాల వెంకట్రాజు గారి మడమలు టక్కుమన్నాయి.

ఇది చదువుతున్న సహోదరులారా, సహోదరీలారా, మీ ఊరి రాయి దగ్గర ఒకసారి ఆగండి. ఉన్న పేర్లు చదవండి. లేని పేరు ఎవరిదో ముసలివాళ్ళని అడగండి. ఆపైన నాతో కలిసి తల వంచండి: ప్రభువా, సరిహద్దుల్లో మా కోసం నిలబడిన వాళ్ళని నువ్వు ఏ పేరుతో పిలిచావో మాకూ ఆ పేరు వినిపించు. వినిపించాక దాన్ని రాసే ధైర్యం ఇవ్వు, చెరిపేవాళ్ళ ముందు లేచి నిలబడే మోకాళ్ళివ్వు. ఈ రాత్రి కావలి కాస్తున్న ప్రతి బిడ్డనూ, ఇంట్లో వాళ్ళమ్మ పిలిచే పేరుతోనే, ఒడ్డు చేర్చు. ఆమేన్.